చలనచిత్రసాక్ష్యము

చలనచిత్రములో కథ యుండుట యందఱు నెఱిగినదే. కథలో చలనచిత్ర ముండుటను గమనించినవారు కొందఱే. బొమ్మను చూచువారిని గూర్చి కథ చెప్పుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. భవభూతి ఉత్తరరామచరితమున మొదటి యంకమునందే చిత్రదర్శనఘట్టము కలదు. చిత్రకారుడు లిఖించిన బొమ్మలను లక్ష్మణుడు వరుసగా చూపుచుండగా, సీతారాములు తాము గడపిన వనవాసమును తామే తిరిగి చూచుకొందురు. శూర్పణఖ రూపము కంటబడగానే సీత నిజముగా నామె యెదుట నిలిచినట్లు వెఱచును. ఇది బొమ్మ సుమా యని రాముడు వెంటనే చెప్పి యామె వెఱపు తీర్చును. బొమ్మ యెంత సజీవముగా నున్నను, ప్రక్కన నొక మనుష్యుడు, ఆ మనుష్యుని నోట నొక మాట యుండుటచేత సీత తేఱుకొనినది. ఆ మాట చెప్పువాడు లేనిచో నేమగునను ప్రశ్నను మాకు కలిగించినవి సంస్కృతనాటకములు కావు. నూఱేండ్లు నిండని కొన్ని యాంగ్లకథలు.

ఆంగ్లమున సైన్స్ ఫిక్షన్ అని పేరుగొన్న వైజ్ఞానిక కల్పనాకథలను మన యిండ్లలో పిల్లల కాలక్షేపముగా మాత్రమే యెంచుట కలదు. గ్రహాంతరవాసులతోను, కాలయంత్రములతోను గృహస్థున కేమి పని యని యడుగువారును కలరు. కాని యీ కథలును, చలనచిత్రమును దాదాపు కవలపిల్లలు. 1895వ సంవత్సరమున హెచ్. జి. వెల్స్ ‘టైమ్ మెషీన్’ అను కాలయంత్రకథను గ్రంథముగా ప్రకటించెను. ఆ యేడు డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకొని ప్రజలకు చలనచిత్రములను చూపిరి. ఆ రెంటికి నడుమ, అక్టోబరు మాసమున, లండనులో యంత్రనిర్మాతయైన రాబర్ట్ పాల్ అను నాతడు వెల్స్ కథచే ప్రేరితుడై, ప్రేక్షకులకు గతమునకును భవిష్యత్తునకును ప్రయాణము చేసిన యనుభవమును కలిగించు ప్రదర్శనశాలకై పేటెంటు కోరెను. ఆ శాల వెలయలేదు. అయినను కాలమును త్రిప్పి చూపవలెనను కోరిక కథకుని కలమునను, యంత్రకారుని పనిబల్లపైనను నొక్కయేడే పొడసూపినదనుట కిది నిదర్శనము.

కల్పనాకథకుడు తన లోకమును సర్వము తానే సృష్టించుకొనును. నగరములు, వాహనములు, తుదకు ఆకాశమునందలి సూర్యుల సంఖ్య సైతము వాని యిష్టము. అట్టివాడు మనము టిక్కెట్టు కొని చూచిన నిజమైన చిత్రమునో, దాని నిర్మాతనో తన కథలో పేర్కొనెనేని యది యూరక చేసిన పని కాదు. గాలికెగయు ఊహాలోకపు గుడారమునకు మన నేలలో పాతిన మేకు అది. ఆ మేకు నాటిన చోటు చూచినచో, కథకుడు తన కాలమును గూర్చి యేమి తలంచెనో తెలియును. ఇట్టి కథలలో మాకు మిక్కిలి నచ్చినది ఆర్థర్ సి. క్లార్క్ 1949లో ప్రకటించిన ‘హిస్టరీ లెసన్’, అనగా చరిత్రపాఠము.

అది భూమి యంతయు మంచుచే కప్పబడుచున్న కాలము. నాగరకత యడుగంటినది. షాన్ అను నాయకుని వెంట నొక చిన్న తెగ, తఱుముకొని వచ్చు మంచుగోడలకు వెఱచి దేశాంతరము పట్టి నడచుచుండును. పూర్వులనుండి సంక్రమించిన కొన్ని వస్తువులను వారు దేవతార్చనపెట్టెను మోసినట్లు భద్రముగా మోయుచుందురు. అవి యేమిటో, ఎందుల కుపయోగించునో వారిలో నెవ్వరికిని తెలియదు. పవిత్రములని మాత్రము తెలియును. ఉత్తరపు మంచు చాలదన్నట్లు దక్షిణమునుండియు మంచు వచ్చుచున్నదని యొకనాడు కొండపైనుండి చూచి గ్రహింతురు. ఇక పోవుటకు దారి లేదు. ఆ వస్తువులను కొండపై రాళ్లగుట్ట క్రింద దాచుదురు. అంతటితో మానవజాతి కథ ముగియును.

ఐదువేల యేండ్లు గడచును. శుక్రగ్రహమున వికసించిన బుద్ధిజీవులు, సరీసృపజాతివారు, అంతరిక్షనౌకలలో భూమికి వచ్చి యా గుట్టను కనుగొందురు. దొరికిన వస్తువులలో నొక డబ్బా, డబ్బాలో ఫిలిము చుట్ట. అది చిత్రపరంపరయని వారి శాస్త్రజ్ఞులు గ్రహించి, తెరపై చూపుటకు వలసిన సాధనమును నిర్మించి, విద్వత్సభలో ప్రదర్శింతురు. తెరమీద రెండు కాళ్ల ప్రాణి యొకటి కనబడును. దాని చేష్టలన్నియు మహావేగముగా సాగును. పోట్లాటలు, చక్రముల బండ్ల పరుగులు, ఘోరమైన తాకిళ్లు. తుదకు ఆ ప్రాణి ముఖము తెర నిండుగా నిలుచును. అందున్నది కోపమో, దుఃఖమో, ధిక్కారమో వారికి తెలియదు. ఇకమీదట యుగయుగములు మానవజాతి యనగా శుక్రగ్రహవాసుల మనస్సున మెదలునది యా రూపమే. దాని స్వభావమును విమర్శించుచు గ్రంథములు పుట్టును, వాదములు చెలరేగును. ఇక చిత్రాంతమున కొన్ని యక్షరములు మెఱయును. వాని యర్థ మా విద్వాంసులలో నెవ్వరును చెప్పలేరు. మనము చెప్పగలము. ఇది వాల్ట్ డిస్నీ వారి చిత్రము అని వాని భావము.

మొదటిమాఱు చదివినప్పుడు నవ్వు వచ్చును. వేదవ్యాసుని, న్యూటనును కన్న భూమికి ప్రతినిధిగా పిల్లలు నవ్వుకొను బొమ్మ మిగిలెనే యని చమత్కారము. రెండవమాఱు చదివినప్పుడు నవ్వు గొంతులోనే నిలుచును. ఏలయన శుక్రగ్రహపండితుల పాండిత్యమున లోపమేమియు లేదు. వారు తొందరపడలేదు, ఆధారమును చెడగొట్టలేదు, తమకు కనబడినదానికి లేనిపోనివి కల్పింపలేదు. మన విశ్వవిద్యాలయములలో పురావస్తుశోధకులు చేయు పనినే వారును చేసిరి. అయినను వారి సిద్ధాంతము మొదలంట తప్పు. ఇది యెట్లు సంభవించెను?

మేము బాల్యమున చదివిన తర్కశాస్త్ర మిచట మాకు తోడుపడినది. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణముల నంగీకరింతురు. కంటితో చూచినది ప్రత్యక్షము. నమ్మదగినవాడు చెప్పినమాట శబ్దము. శబ్దమును ప్రమాణముగా గొనవలెనన్న చెప్పినవాడెవడు, వానికి విషయము తెలియునా, వాడు నిజము చెప్పు తలంపుగలవాడా యని విచారింపవలెను. ప్రత్యక్షమున కా విచారము లేదు. చలనచిత్రము కంటికి కనబడును గావున దానిని మనము ప్రత్యక్షమని భ్రమింతుము. నిజమునకు అది శబ్దము. ఎవడో యొకడు, ఏదో యొక యుద్దేశముతో, కొంత చూపి కొంత దాచి, తన క్రమమున కూర్చి చెప్పిన మాట. డిస్నీ బొమ్మల విషయమున నది మఱింత స్పష్టము. అక్కడ ఛాయాచిత్రమునకు నిలిచిన ప్రాణియే లేదు. చిత్రకారులు కాగితముమీద గీసిన గీతలను వరుసగా చూపుటచే చలన మేర్పడినది. శుక్రగ్రహవాసులు శబ్దమును ప్రత్యక్షముగా గ్రహించిరి. త్రాటిని చూచి పామనుకొన్నవానికి దీపము తెచ్చినచో భ్రమ వీడును. వీరికి దీప మెంత పెద్దదైనను ప్రయోజనము లేదు. తెర యెంత వెలిగిన నంతగా పామే కనబడును.

కాలము క్లార్క్ కథనుకూడ విడువలేదు. 1949లో శుక్రగ్రహము మేఘముల చాటున చిత్తడినేలలతో నుండవచ్చునని యూహింప వీలుండెను. 1962లో మారినర్ 2 అను నౌక యా గ్రహము ప్రక్కగా పోయి, దాని యుపరితలము మిక్కిలి వేడియని తెలిపెను. అది దాదాపు 460 సెంటిగ్రేడు డిగ్రీల కొలిమియని నేడు పాఠ్యపుస్తకములే చెప్పుచున్నవి. నేటి బాలున కీ కథ చదివి వినిపింపవలెనన్న ముందుగా ఆ సంగతి చెప్పవలెను. అర్థమును తోడుతీసికొని పోకున్నచో కథయు నొక ఫిలిముడబ్బాయే యగును.

ఒక్క డబ్బా మిగులుట యతిశయోక్తియని తలంచువారు చలనచిత్రముల చరిత్రను కొంచెము చూడవలెను. వెర్న్, వెల్సుల కథల ఛాయలతో ఫ్రాన్సుదేశీయుడు జార్జ్ మెలియెస్ 1902లో చంద్రలోకయాత్రను చిత్రముగా తీసెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున నాతని ఫిలిములను పెక్కింటిని ఫ్రెంచి సైన్యము కైకొని కరగించి, ఆ పదార్థముతో బూట్ల మడమలు చేయించినది. మిగిలిన మూలప్రతులను 1923లో నిరాశచే నాతడే తగులబెట్టుకొనెను. చంద్రలోకయాత్రకు చేతితో రంగులు వేసిన ప్రతి యొకటి 1993లో స్పెయిన్ దేశమున దైవికముగా దొరకి, మరమ్మతులు జరిగి, 2011లో మరల తెర కెక్కినది. 1912 మొదలు 1929 వఱకు అమెరికాలో వెలువడిన మూకీ కథాచిత్రములు 10,919 అనియు, వానిలో తొలిరూపమున సంపూర్ణముగా నిలిచినవి నూటికి 14 మాత్రమే యనియు అమెరికా దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించినది. మన సంగతి చెప్పనేల? 1931 మార్చిలో విడుదలయిన భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ నేడు లేదు. 1932 ఫిబ్రవరిలో వచ్చిన తెలుగు తొలి టాకీ ‘భక్తప్రహ్లాద’ యును లేదు. ఆనాటి ఫిలిము సులభముగా నంటుకొను నైట్రేటు పదార్థము. వెండి కొఱకు దానిని కరగించువారును ఉండిరి. ఏది మిగులవలెనో పండితులు నిర్ణయింపలేదు. నిప్పు, తేమ, ఉపేక్ష, అంగడివాని లాభము నిర్ణయించినవి.

అట్లయిన మంచివానిని మాత్రమే తీయించి, చెడ్డవానిని నిషేధించి, కాలమునకు పనిలేకుండ మనమే వడపోయవచ్చును గదా యని సంస్కారాభిలాషులలో నొక పక్షము. ఆ పక్షమున మా మిత్రులు పలువురు కలరు. వారికి రే బ్రాడ్‌బరీ 1950లో ప్రకటించిన ‘అషర్ II’ అను కథను మేము చెప్పుచుందుము. అందు భూమిపై ఊహాసాహిత్య మంతయు నిషిద్ధము. ఎడ్గార్ అలన్ పో గ్రంథములు దగ్ధమయినవి. నిజజీవితమునకు వెలియైన దేదియు చిత్రములలో నుండరాదు. ఇందువలన చలనచిత్రనిర్మాతలు హెమింగ్వే రచనలనే తిరుగవేసి తీయుచుందురనియు, ‘ఫర్ హూమ్ ది బెల్ టోల్స్’ అను చిత్రమును ముప్పది రూపములలో చూచి విసిగితిననియు నాయకుడు స్టెండల్ వాపోవును. ఈ నవల 1940లో వచ్చినది. గారీ కూపర్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ నటించిన చిత్రము 1943లో నిజముగానే వచ్చినది. హెమింగ్వే రచన చెడ్డదని బ్రాడ్‌బరీ భావము కాదు. మంచి చిత్రమైనను, అది తప్ప మఱొకటి యుండరాదన్నప్పుడు, సంకెల యగునని యాతని భావము.

స్టెండల్ అంగారకగ్రహమున పో వర్ణించిన పాడుమేడను కట్టించి, గ్రంథదహనమునకు కారకులైన వారిని విందునకు పిలుచును. పో కథలలోని చావులే యొక్కొక్కరికి నెదురగును. అధికారియైన గారెట్టును తుదకు గోడలో పెట్టి యిటుకలు పేర్చుచుండగా సైతము తన కేమి జరుగుచున్నదో వానికి తెలియదు. ఏలయన తాను తగులబెట్టిన పుస్తకమును తాను చదివి యుండలేదు. పగ తీర్చుకొన్న పద్ధతి ఘోరము. దానిని మెచ్చుకొనుటకు మేము సిద్ధముగా లేము. కాని యా హేళనలోని సత్యమును త్రోసివేయుట కష్టము. నిషేధించువానికి నిషేధింపబడినది తెలియకుండుట లోకమున తఱచు. నిషేధమను కత్తి సంస్కర్తచేతనే యుండునను నమ్మకమును లేదు. గూడవల్లి రామబ్రహ్మముగారు అస్పృశ్యతను ఖండించుచు 1938లో ‘మాలపిల్ల’ను తీసిరి, 1939లో తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారుల యాగ్రహమునకు గుఱియై నిషేధమును చవిచూచినది. ఆనాడు కత్తి యెవరి చేత నుండెనో, ఎవరి మెడపై పడెనో మన మెఱుగుదుము.

కల్పితచిత్రములతో నింత చిక్కు గావున, సత్యమునే చూపు చిత్రములు తీసినచో నేమందురా? దానికిని కథ కలదు. టి. ఎల్. షెరెడ్ 1947లో వ్రాసిన ‘ఇ ఫర్ ఎఫర్ట్’ అను కథలో ఇద్దఱు పేదవారికి గతకాలమున నేచోట నేమి జరిగినను చూడదగిన యంత్రము లభించును. దానితో అలెగ్జాండరు దండయాత్రను ఉన్నదున్నట్లు చిత్రించి హాలీవుడ్ ద్వారా విడుదల చేయుదురు. జనులు దానిని గొప్ప నటనయనియు, భారీ యేర్పాట్లనియు పొగడుదురు. అనగా అసలు ప్రత్యక్షమును కల్పనగా గ్రహింతురు; శుక్రగ్రహవాసుల పొరపాటునకు సరిగా తలక్రిందు. పిమ్మట ఆ యిద్దఱు ధనికులై, ప్రపంచయుద్ధముల వెనుక రాజ్యములు నడపిన రహస్యములను చిత్రముగా తీసి లోకమునకు చూపుదురు. రహస్యము లేని లోకమున యుద్ధ ముండదని వారి యాశ. అల్లర్లు చెలరేగును, నేరవిచారణ జరుగును, ప్రభుత్వము యంత్రమును స్వాధీనము చేసికొనును, కథాంతమున యుద్ధచ్ఛాయలే క్రమ్ముకొనును. సత్యమును తెరపై వేసినంతమాత్రమున సత్యము తెలియదు. చూచువాడు దానిని సత్యముగా గుర్తింప నేర్చియుండవలెను.

ఇవన్నియు కాగితముమీది కథలని త్రోసివేయవచ్చును. అట్లు త్రోసివేయ వీలులేని సంవత్సరము 2018. కరాచీ నగరమున తప్పిపోయిన బాలలకై పనిచేయు రోష్నీ హెల్ప్‌లైన్ అను సంస్థ, పిల్లలను కనిపెట్టి యుండుడని తల్లిదండ్రులను హెచ్చరించుటకై 2016లో చిన్న చిత్రమొకటి తీయించినది. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దఱు వీథిలో నాడుకొను పిల్లవానిని ఎత్తుకొనిపోవుదురు. వెంటనే తిరిగివచ్చి వానిని దింపి, హెచ్చరిక వ్రాసిన ఫలకమును చూపుదురు. మన దేశమున చేతిఫోనులలో ప్రాకిన ప్రతిలో ఆ తుది భాగమును ఎవరో కోసివేసిరి. మిగిలినది పిల్లలదొంగల చిత్రము. ఇది మన యూరిలోనే జరిగినదని మాటయు దానికి తోడయినది. ఊరికి క్రొత్తయైన బిచ్చగాండ్రు, బాటసారులు, మతిస్థిమితము లేనివారు గుంపుల చేతులలో చావుదెబ్బలు తినిరి. జులై 1వ తేదీన మహారాష్ట్రమున ధూలే జిల్లాలోని రైన్‌పాడా గ్రామమున భిక్షాటనచే జీవించు సంచారజాతివా రైదుగురు నిట్లే చంపబడిరి. మన తెలుగు సీమలోను ఆ వేసవిలో ప్రాణములు పోయినవి. క్లార్క్ కథలో తుది యక్షరములు నిలిచినను చదువువారు లేరు. ఇచట చదువువారున్నను తుది యక్షరములను కోసివేసిరి. ఫల మొక్కటే, కాని యచ్చట దెబ్బతిన్నది చరిత్ర, ఇచ్చట మనుష్యులు.

ఆ దినములలో మా తరగతిలో చదువరియైన బాలిక యొకతె సాయంకాలపు పాఠములకు వచ్చుట మానినది. నాలుగు దినములు చూచి మేము వారి యింటికి పోయితిమి. తల్లి కుట్టుపని చేసి సంసారము నడపు వివేకవతి. ఆమె తన ఫోనులోని చిత్రమును మాకు చూపి, “మీరే చూడండి మాస్టారూ, చీకటిపడ్డాక పిల్లని ఎలా పంపమంటారు?” అన్నది. ఇది తీసినదెవరమ్మా, ఎక్కడిదమ్మా యని మేమడిగితిమి. “కంటితో చూశాక ఇంకా ఎవరిదైతే ఏముందండీ?” అని యామె జవాబు. గౌతముడు విన్నచో నా వాక్యమునకే భాష్యము వ్రాయించి యుండునని మాకు తోచినది. మేము వాదింపలేదు. పత్రికలవారు అప్పటికే వెదకి బయటపెట్టిన పూర్తి చిత్రమును మా ఫోనులో చూపితిమి. పిల్లవానిని దింపుట, ఫలకమును చూపుట రెండుమాఱులు చూచి యామె చాలసేపు మాటలాడలేదు. “ఈ ముక్క ఎవరు కోశారండీ?” అని మాత్ర మడిగినది. ఆ ప్రశ్న మొదట నడిగిన జవాబునకు ప్రాయశ్చిత్తము వంటిది. తీసినదెవరో విచారింప నక్కఱలేదన్న తల్లియే, కోసినదెవరో యని విచారింప మొదలుపెట్టినది. మఱునాడు బాలిక పాఠమునకు వచ్చినది.

మా యింటింటి ప్రయత్నము స్వల్పము. అదే యేడు తెలంగాణమున జోగుళాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు ఆ పనిని జిల్లా యంతట చేయించిరి. పోలీసులు పల్లెలకు పోయి, డప్పు వాయించి, జానపదగీతములు కట్టి పాడి, ఫోనులో వచ్చినదెల్ల నిజము కాదని జనులకు తెలియజెప్పిరి. ఆమె యేలుబడిలోని పల్లెలలో నీ వదంతికి ఒక్కరును బలి కాలేదు. ఫోనులను లాగుకొనుటవలన కాక, బొమ్మ ప్రక్కకు మనిషిని పంపుటవలన నీ మేలు జరిగినది. శూర్పణఖ బొమ్మ ప్రక్కన రాముడు చేసిన పనినే యచట డప్పు చేసినది.

ఆ సంవత్సరమే మేము క్లార్క్ కథను తరగతిలో తెలుగున చెప్పితిమి. పిల్లలు నవ్విరి. ఆ బాలిక నవ్వక, “డబ్బాలో ఇది ఉత్త బొమ్మ అని చీటీ రాసి పెడితే సరిపోయేది కదండీ?” అన్నది. వెనుకబల్లనుండి యొక బాలుడు, “చీటీ చదవడం వాళ్లకెలా వస్తుంది?” అని యెదురడిగెను. కొంతసే పాలోచించి యామె, “అసలు ఆ షాన్ వాళ్లకే తెలీదు కదా. వాళ్ల తాతలు చెప్పలేదు,” అన్నది.

మేమీ కథను మెచ్చిన కారణములన్నియు ఆ మాటలో నిమిడియున్నవి. అర్థము నశించినది ఐదువేలయేండ్ల తరువాత శుక్రగ్రహమున కాదు. అంతకు చాల ముందే, ఏదో యొక యింట, ఏదో యొక తరమువారు డబ్బాను బిడ్డల చేతికిచ్చి, పవిత్రమైనది, జాగ్రత్త యని చెప్పి, లోపల నేమున్నదో చెప్పక యూరకున్న దినముననే నశించినది. ఆ దినమున మంచు లేదు, ఆపద లేదు. తీరిక లేకపోవుటయో, పిల్లల కేల యనుకొనుటయో మాత్రమే యుండి యుండును. మన యిండ్లలో నిట్టి డబ్బా లెన్ని! అర్థమడిగిన బిడ్డను కసరి చేయించు తంతు లెన్ని! ఆచారమును మోయించి యభిప్రాయమును దాచుటను సంస్కర్తలు తరతరములుగా నిరసించిరి. పాత వస్తువులను గూర్చి వారు చెప్పినదే నేడు క్రొత్త వస్తువులకును వర్తించుచున్నది. పూర్వము పెట్టెలో పెట్టి మోయుచుంటిమి; నేడు జేబులో పెట్టి మోయుచున్నాము. లేని మనుష్యుని ముఖమును, పలుకని మాటను యంత్రములే కల్పించి నిజమువలె చూపు కాలమున నున్నాము గావున మోయు బరువు మఱింత పెరిగినది.

దీనికి క్రొత్త మందు మా యొద్ద లేదు. పాత మందే కలదు. మన పూర్వులు కావ్యమును వ్యాఖ్యానముతో గూడ నందించిరి. కాళిదాసును మన కింతగా తెలియజేసిన మల్లినాథసూరి తెలుగునేలవాడే, కోలాచలమువారి యింటివాడు. కావ్యము ప్రక్కన వ్యాఖ్యాత యున్నట్లు తెర ప్రక్కన పెద్దవా రుండవలెను. బిడ్డ చిత్రము చూచుచున్నప్పుడు ఫోను లాగుకొనుటకంటె ప్రక్కన కూర్చుండుట మేలు. ఇది చెప్పినదెవరు, ఎవరికొఱకు చెప్పిరి, దీనికి ముందేమి, వెనుక నేమి యని నాలుగు ప్రశ్నలు వేయుట మేలు. జవాబు తెలియనప్పుడు తల్లియు బిడ్డయు కలిసి వెదకుట యన్నిటికంటె మేలు. ఈ పనికి డిగ్రీ లక్కఱలేదు, ధన మక్కఱలేదు. దినమున పావుగంట చాలును.

రానున్న వారి కేది మిగులునో మనము నిర్ణయింపజాలము. మన మహాకావ్యములు మిగులునో, పిల్లల బొమ్మచిత్రమే మిగులునో నిప్పునకును, తేమకును తెలియును. మన వశమున నున్నది యొక్కటియే: ఇచ్చునప్పుడు చెప్పి యిచ్చుట. చదువరులు ఈ మాసపు సంచికను ప్రక్కన పెట్టిన పిమ్మట, ఇంటిలోని చిన్నవారు చూచుచున్న దేమిటో యొకమాఱు పోయి చూతురుగాక.